పిడుదుల క్రోమోజోములు: గుంటూరు ప్రాజెక్టు డైరీ

జూన్ చివరి వారం

ఈ ఏడాది మా డిగ్రీ కళాశాలలో చివరి సంవత్సరం జంతుశాస్త్ర విద్యార్థులతో కలిసి పిడుదుల ప్రత్యుత్పత్తిని, వాటి క్రోమోజోములను పరిశీలించే ప్రాజెక్టు చేపడుతున్నాము. గుంటూరు చుట్టుపక్కల పాడి పశువులను పట్టే పిడుదుల క్రోమోజోముల సంఖ్య కొత్తగా కనిపెట్టవలసినది కాదు. అది ఎప్పుడో తేలిన విషయం. అయితే ఏ పిడుదును, ఏ దశలో, ఎంత రక్తం తాగిన తర్వాత కోస్తే, క్రోమోజోములు విడివిడిగా కనిపించే, విభజన చెందుతున్న కణాలు దొరుకుతాయన్నది మాత్రం ఎవరి బల్లమీద వారు తేల్చుకోవలసిన విషయం. ప్రాజెక్టుకు అదే అసలు ప్రశ్నగా పెట్టుకున్నాము. పిడుదు శరీరంలో ప్రత్యుత్పత్తికి సంబంధించిన ప్రతి అడుగూ రక్తభోజనంతో ముడిపడి ఉంటుంది కనుక, క్రోమోజోములు కనిపించే వేళను కూడా ఆ భోజనమే నిర్ణయిస్తుందని విద్యార్థులకు మాటల్లో కాక స్లైడు మీద చూపించాలని నా కోరిక.

రెండు జాతులను ఎంచుకున్నాము. మొదటిది రిపిసెఫాలస్ మైక్రోప్లస్. పాత పుస్తకాల్లో దీన్నే బూఫిలస్ అని రాశారు. గుడ్డునుంచి వచ్చిన డింభకంగా పశువు మీదికి ఎక్కిన దగ్గరనుంచి, రెండుసార్లు కుబుసం విడిచి, జతకట్టి, రక్తంతో నిండి కింద రాలిపడేదాకా సుమారు మూడు వారాలు అదే పశువు మీద గడిపే ఏక ఆతిథేయి పిడుదు ఇది. రెండవది హయలోమా అనటోలికమ్. దీని నింఫ్, అంటే డింభకానికీ ప్రౌఢ దశకూ మధ్య దశ పిడుదు, కడుపు నిండగానే రాలిపోయి కొట్టం గోడల పగుళ్లలో దాక్కొని కుబుసం విడుస్తుంది కాబట్టి, ఇంకా రక్తం ముట్టని ప్రౌఢ పిడుదులు గోడల్లోను, రక్తం తాగుతున్నవి పశువు మీదను విడివిడిగా దొరుకుతాయి. మా ప్రశ్నకు ఈ తేడా ఎంతో అవసరం. మైక్రోప్లస్‌లో ఇటువంటి పోలిక పెట్టుకోవడానికి వీలుండదు.

కుందేలు చెవికి పిడుదులను కట్టి మేపే పద్ధతి పరిశోధనశాలల్లో ఉన్నదే గాని, దానికి జంతు నైతిక కమిటీ అనుమతి కావాలి. డిగ్రీ స్థాయి ప్రాజెక్టుకు అది తగదని నిర్ణయించి, పశువుల మీద సహజంగా ఉన్న పిడుదులతోనే పని చేయాలనుకున్నాము.

జులై, మొదటి వానలు పడ్డాక

తాడికొండ వైపు ఒక రైతు కొట్టంలో జెర్సీ సంకర ఆవులు, రెండు గేదెలు, ఒక ఒంగోలు జాతి ఆవు ఉన్నాయి. పిడుదుల మందు కొట్టించిన పశువు మీదనుంచి ఏరిన ఆడ పిడుదులు సరిగా గుడ్లు పెట్టవు కనుక, కొంతకాలం మందు ఆపిన పశువులే మాకు కావలసి వచ్చాయి. సంగతి వివరించగానే ఆ పెద్దాయన ఒప్పుకున్నారు.

"గోమార్లు పీక్కెళ్తానంటే అంతకన్నా ఏం కావాలి మేస్టారూ. తల లోపల తెగిపోకుండా మాత్రం చూడండి, పుండు పడుద్ది" అన్నారు. తర్వాత ఆయనే అడిగారు: "ఆవుకి రక్తం మూత్రం పడేది వీటివల్లేనంటారు, నిజమేనా?"

"నిజమే బాబాయ్. పైగా తల్లి పిడుదు తాగిన జబ్బు దాని గుడ్లలోకి కూడా పోతుంది" అని చెప్పాను.

ఆయన అడిగిన ప్రశ్న మా ప్రాజెక్టుకు దూరమైనది కాదు. ఆ రక్తమూత్రపు జబ్బునే అమెరికాలో టెక్సాస్ జ్వరం అన్నారు. దానిని పరిశోధించిన థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ 1893లో ప్రచురించిన పనిలో, బెబీసియా అనే పరాన్నజీవిని పశువుకు చేర్చేది పిడుదేనని నిరూపించారు. సంధిపాద జీవి ఒక జబ్బును జంతువుకు మోస్తుందని తేల్చిన తొలి పరిశోధనల్లో అదొకటి. ఏక ఆతిథేయి పిడుదు తన జీవితంలో ఒక్క పశువునే పట్టుకుంటుంది కదా, మరి జబ్బు రెండో పశువుకు ఎలా చేరుతుంది? పరాన్నజీవి అండాశయంలోకి చొరబడి గుడ్లలో ఉండిపోతుంది, ఆ గుడ్లనుంచి వచ్చిన తరం మరో పశువును పట్టినప్పుడు దానికి అంటుతుంది. హయలోమా మోసే థైలేరియా అనే మరో పరాన్నజీవి మాత్రం గుడ్డు ద్వారా పోదు, ఒక దశలో తాగితే తర్వాతి దశలో అంటిస్తుంది. ఒకే కొట్టంలో ఉన్న రెండు పిడుదుల మధ్య ఇంత భేదం ఉన్నదని విద్యార్థులు అక్కడికక్కడే రాసుకున్నారు.

ఏరే పని ఓపికతో చేయవలసినది. మైక్రోప్లస్ ఎక్కువగా గంగడోలు, తొడల లోపలి వైపు, పొదుగు పరిసరాల్లో పట్టుకొని ఉంటుంది. సంకర ఆవుల మీద అవి గుత్తులుగా ఉండగా, పక్కనే కట్టేసి ఉన్న ఒంగోలు ఆవు మీద వెతికి పట్టుకోవలసి వచ్చింది. మన నాటు జాతుల చర్మానికి ఉన్న సహజ నిరోధం గురించి చదివినదంతా ఆ ఒక్క ఉదయం కంటికి కనిపించింది. పట్టకారుతో చర్మానికి ఆనుకొని పట్టి నిదానంగా లాగాలి, వేళ్లతో నలపకూడదు. క్రిమియన్ కాంగో రక్తస్రావ జ్వరాన్ని మోసేవి హయలోమా పిడుదులు. 2011లో గుజరాత్‌లో ఆ జ్వరం బయటపడినప్పటి నుంచి మన దేశంలో వీటిని తేలికగా తీసుకునే వీలు లేదు. అందుకే చేతి తొడుగులు లేకుండా ఎవరినీ కొట్టంలోకి రానివ్వలేదు.

నిండుగా ఉబ్బిన ఆడ మైక్రోప్లస్‌ను తిప్పి చూస్తే, దాని పొట్టకు పొట్ట ఆనించి చిన్న మగ పిడుదు పట్టుకొని ఉండటం చాలాచోట్ల కనిపించింది. ఆ జంటలను విడదీయకుండా ఒకే సీసాలో వేసి, పక్కన ఏ భాగం మీదనుంచి ఏరామో రాసుకున్నాము. హయలోమా మగవాటిని మూడు తరగతులుగా వేరు చేశాము: గోడ పగుళ్లలో దొరికిన ఖాళీ కడుపువి, ఇంకా పలచగా ఉన్న ఆడదాని పక్కన ఉన్నవి, బాగా ఉబ్బిన ఆడదాని పక్కన ఉన్నవి.

జులై రెండో సగం

కోత పని మొదలుపెట్టాము. మైనం పోసిన గిన్నెలో పిడుదును వెల్లకిలా కాక బోర్లా ఉంచి, 0.7 శాతం ఉప్పునీటిలో ముంచి, విరిచిన బ్లేడు ముక్కతో అంచు వెంబడి కోసి పైకవచాన్ని మూతలా ఎత్తాలి. మగ పిడుదులో ఆ కవచం వీపంతా పరచుకొని ఉంటుంది కాబట్టి కోత అంచునుంచి తప్పుకుంటే లోపలి అవయవాలు చిరిగిపోతాయి. ఎత్తగానే ముందుగా కనిపించేది ముదురు గోధుమరంగు పేగు శాఖలు. వాటిని సూదితో పక్కకు తోసిన తర్వాత తెల్లని దారాల్లాంటివి రెండు రకాలుగా కనిపిస్తాయి. సుద్దలా మెరిసే తెలుపు మాల్పీజియన్ నాళికలది, అది గ్వానిన్ అనే విసర్జక పదార్థం వల్ల వచ్చిన రంగు. వృషణాలు అంత తెల్లగా ఉండవు, గంజి నీటిలా కొంచెం పారదర్శకంగా, జతగా, పొడవుగా సాగి ఉంటాయి. వాటి ముందుభాగంలో అనేక తమ్మెలున్న పెద్ద అనుబంధ గ్రంథి ఉంటుంది. విద్యార్థులు ఈ రెండు తెలుపుల మధ్య భేదం గుర్తుపట్టేదాకా వర్ణకం సీసా మూత తీయనివ్వలేదు.

వృషణపు ముక్కను 0.075 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచితే కణాలు నీరు పీల్చి ఉబ్బుతాయి. తర్వాత మూడు పాళ్లు మిథనాల్, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపిన స్థిరీకరణ ద్రవంలో వేసి, చివరకు పలచని ఎసిటిక్ ఆమ్లంలో కణాలను విడదీసి, వెచ్చని స్లైడు మీద చుక్కలుగా వేసి ఆరబెట్టి, గీమ్సా వర్ణకం వేస్తాము. పని మొత్తం కళాశాలలో ఉన్న వస్తువులతోనే సాగింది. కొనవలసి వచ్చినది మిథనాల్, కణవిభజనను మధ్యలో ఆపే కొల్చిసిన్ మాత్రమే. కొల్చిసిన్ మన పొలం గట్ల మీద పూసే అడవినాభి గింజల్లోను దుంపలోను ఉండే విషమే కాబట్టి దానిని కూడా తొడుగులతోనే ముట్టాలి. వృషణాల్లో క్షయకరణ విభజన, అంటే క్రోమోజోముల సంఖ్య సగమయ్యే విభజన, చూడటానికి అది లేకపోయినా నడుస్తుంది. పిండకణాల దగ్గరకు వచ్చేసరికి దాని అవసరం తప్పదు.

గోడ పగుళ్లలో దొరికిన మగ హయలోమాల్లో వృషణాలు సన్నగా ఉన్నాయి. స్లైడు నిండా ప్రాథమిక స్పెర్మటోసైట్లే, అంటే ఇంకా విభజన చెంది శుక్రకణాలు కావలసిన కణాలే, అన్నీ విభజన తొలి దశ అయిన ప్రొఫేజ్‌లో నిలిచిపోయినవే. విభజన చెందుతున్న కణం ఒక్కటి కూడా దొరకలేదు. మా రెండు జాతులూ చేరే మెటాస్ట్రియేటా వర్గపు పిడుదులన్నిటిలోను ఉన్న క్రమం ఇదే. నింఫ్ రక్తం తాగినప్పుడు శుక్రకణాల తయారీ మొదలవుతుంది, ప్రౌఢ దశకు చేరేసరికి స్పెర్మటోసైట్ల దగ్గర ఆగిపోతుంది, మళ్లీ రక్తం దొరికితే తప్ప ముందుకు కదలదు. ఆ వర్గానికి చెందని ఇక్సోడెస్ ప్రజాతి మగవి ఇందుకు భిన్నమైనవి. అవి ప్రౌఢ దశలో రక్తం ముట్టకుండానే జతకట్టగలవు.

ఆగస్టు, మొదటి పక్షం

పశువు మీదనుంచి ఏరిన మగ హయలోమాలను కోసిన తర్వాత ప్రాజెక్టు ప్రశ్నకు జవాబు ఒక్కసారిగా స్పష్టమైంది. బాగా ఉబ్బిన ఆడదాని పక్కన దొరికిన మగవాటి వృషణాలు లావుగా ఉన్నా, వాటిలో విభజన ముగించిన స్పెర్మటిడ్లు, పొడవుగా సాగుతున్న శుక్రకణాలే నిండి ఉన్నాయి, విభజన దశ దాటిపోయింది. పలచగా ఉన్న ఆడదాని పక్కన దొరికిన వాటిలోనే, అంటే భోజనం మొదలుపెట్టి ఎక్కువ కాలం కాని మగవాటిలోనే, మెటాఫేజ్ కణాలు, అంటే క్రోమోజోములు కణం మధ్యకు చేరిన విభజన దశలోనివి, గుంపులుగా కనిపించాయి. ఖాళీ కడుపుకూ నిండిన కడుపుకూ మధ్య ఉన్న ఆ కొద్ది రోజుల సందులోనే పిడుదు తన క్రోమోజోములను చూపిస్తుంది.

వంద రెట్ల ఆయిల్ ఇమ్మర్షన్ కటకం కింద ఒక మంచి మెటాఫేజ్‌ను ఇక్కడ వివరంగా రాసి ఉంచుతున్నాను. కణం మధ్యలో పది బైవాలెంట్లు, అంటే జత కలిసిన క్రోమోజోములు, కొన్ని ఉంగరంలా కొన్ని కడ్డీలా ఉన్నాయి. వాటికి కొంచెం ఎడంగా, జత లేకుండా, మిగతావాటికన్నా గాఢంగా వర్ణకం పట్టిన క్రోమోజోము ఒకటి ఉంది. అదే ఎక్స్ క్రోమోజోము. మగ పిడుదులో వై క్రోమోజోము లేదు కాబట్టి దానికి జత ఉండదు. మొత్తం లెక్క 21. ఆడదానిలో ఎక్స్ రెండు ఉంటాయి కనుక 22. ఈ జాతుల్లో లింగాన్ని నిర్ణయించేది ఎక్స్ క్రోమోజోములు ఎన్ని ఉన్నాయన్నదే. మనుషుల్లో మగవాడికి వై ఉండాలి, ఇక్కడ మగదానికి ఒక ఎక్స్ తక్కువైతే చాలు.

ఈ విభజన తర్వాతి మెట్టు మరింత ముఖ్యమైనది. ఎక్స్ ఏదో ఒక వైపుకే పోతుంది కాబట్టి రెండో స్థాయి స్పెర్మటోసైట్లలో సగం 11 క్రోమోజోములతోను, సగం 10తోను ఉండాలి. అటువంటి కణాలు రెండు రకాలూ ఒకే స్లైడు మీద పక్కపక్కనే దొరికినప్పుడు విద్యార్థులు ఒకరి తర్వాత ఒకరు వంగి చూసి లెక్కపెట్టారు. అండాలన్నీ 11తోనే ఉంటాయి కనుక, పుట్టబోయేది ఆడదో మగదో శుక్రకణమే నిర్ణయిస్తుందన్న విషయం వాళ్లకు బొమ్మ గీసి చెప్పవలసిన పని లేకపోయింది.

అన్ని పిడుదులకూ ఇదే లెక్క వర్తించదు. ఇక్సోడెస్ రిసినస్, ఇక్సోడెస్ స్కాప్యులారిస్‌లలో క్రోమోజోములు 28, వాటి మగవాటిలో వై కూడా ఉంటుంది. కోళ్లను పట్టే మెత్తని పిడుదు ఆర్గస్ పర్సికస్‌లో 26, అక్కడా ఎక్స్, వై రెండూ ఉన్నాయి. పిడుదుల క్రోమోజోములపై దశాబ్దాలపాటు పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ ఆలివర్ వంటివారు ఈ సంఖ్యలను పోల్చి, వర్గాల మధ్య బంధుత్వాన్ని అంచనా కట్టడానికి వాడారు. సంఖ్య తక్కువైనంత మాత్రాన లోపలి సరుకు తక్కువనుకోకూడదు. మైక్రోప్లస్ జన్యురాశి సుమారు 710 కోట్ల బేస్ జతలు, మనిషిదానికి రెట్టింపు కన్నా ఎక్కువ. అందులో అధికభాగం మళ్లీమళ్లీ వచ్చే పునరావృత వరుసలే.

ఆగస్టు రెండో పక్షం

ఈలోగా ఉబ్బిన ఆడ మైక్రోప్లస్‌లు గుడ్లు పెడుతున్నాయి. 28 డిగ్రీల వద్ద, అడుగున పొటాషియం క్లోరైడ్ సంతృప్త ద్రావణం పోసిన మూతపెట్టిన గాజుపాత్రలో వాటిని ఉంచాము. ఆ ద్రావణం మీది గాలిలో తేమ 85 శాతం దగ్గర నిలుస్తుంది. గుంటూరులో వాన వెలిసిన రెండో రోజుకే గాలి పొడిబారుతుంది కనుక, గదిలో విడిగా ఉంచిన గుడ్లు నిలిచేవి కావు.

గుడ్డు పెట్టే తీరును భూతద్దం కింద గంటల తరబడి చూశాము. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. పిడుదు తన ముఖభాగాన్ని పొట్టవైపు వంచుతుంది. వీపు మీది చిన్న కవచానికీ ముఖానికీ మధ్య ఉన్న సందులోనుంచి తేమగా మెరిసే పారదర్శకమైన బుడగ ఒకటి రెండు కొమ్ములతో బయటికి ఉబుకుతుంది. సరిగ్గా అదే సమయంలో జననరంధ్రంనుంచి నాళం బయటికి సాగి గుడ్డును ముందుకు అందిస్తుంది. బుడగ ఆ గుడ్డును పట్టి, అటూ ఇటూ దొర్లించి, మైనం పూసి, ముఖం మీదుగా పైకి నెడుతుంది. తర్వాత బుడగ లోపలికి ముడుచుకుపోతుంది, ముఖం మళ్లీ ముందుకు లేస్తుంది, కొంతసేపటికి మరో గుడ్డు వస్తుంది. 19వ శతాబ్దపు ఇటలీ ప్రకృతి శాస్త్రవేత్త జెనే పేరు మీద దీనిని జెనే అవయవం అంటారు. 1948లో లీస్, బీమెంట్ ఈ మైనపు పూత గుడ్డులోని నీటిని ఎలా కాపాడుతుందో చూపించారు. ఆ పూత అందని గుడ్లు ముడతలుపడి ఎండిపోతాయి. ఒక్కొక్క ఆడ పిడుదు ఇలా రెండు వేలకు పైగా గుడ్లు పెట్టి, ఆ కుప్ప వెనకనే ముడుచుకుపోయి చనిపోతుంది. తన బరువులో దాదాపు సగం గుడ్లుగా మారిపోతుంది. మెత్తని పిడుదులు మాత్రం కొద్దికొద్దిగా తాగి, కొద్దికొద్దిగా పెట్టి, ఆ చక్రాన్ని పలుమార్లు తిప్పుతాయి.

గుడ్డు గోధుమరంగు కూడా రక్తానిదే. రక్తానికి ఎరుపునిచ్చే, ఇనుము ఉన్న హీమ్‌ను పిడుదు సొంతంగా తయారుచేసుకోలేదు, పశువు రక్తంలోనిదాన్నే వాడుకుంటుంది. కొవ్వు కణాల్లోను పేగులోను తయారయ్యే విటెల్లోజెనిన్ అనే పచ్చసొన ప్రోటీను ఆ హీమ్‌ను పట్టుకొని అండాశయానికి చేరుతుంది. గుర్రపు నాడా ఆకారంలో ఉండే అండాశయపు గొట్టం బయటి గోడకు సన్నని కాడలతో వేలాడే అండాలు దానిని పీల్చుకొని ముదురుతాయి. దీనికంతటికీ సంకేతమిచ్చే హార్మోను 20-హైడ్రాక్సీ ఎక్డైసోన్. చాలా కీటకాల్లో ఆ పని జువెనైల్ హార్మోనుది.

జతకట్టని ఆడ పిడుదు పూర్తిగా ఉబ్బదు. కొద్దిగా తాగి, మగది వచ్చేదాకా పశువును పట్టుకొని రోజుల తరబడి ఆగుతుంది. మగది తన స్పెర్మటోఫోర్‌ను, అంటే శుక్రకణాల సంచిని, నోటి భాగాలతో ఆడదాని జననరంధ్రంలోకి చేర్చిన తర్వాతే, చివరి ఒకటి రెండు రోజుల్లో అది గుటకలు వేసి తన ఖాళీ బరువుకు సుమారు వంద రెట్లకు చేరుతుంది. మగదాని వృషణాల్లో రక్తభోజనం తర్వాత తయారయ్యే రెండు ప్రోటీన్లే ఆంబ్లియోమా హెబ్రేయమ్ అనే పిడుదు జాతి ఆడదానిలో ఈ ఉబ్బును ప్రేరేపిస్తాయని వెయిస్, కాఫ్‌మన్ 2004లో ప్రకటించారు. వాటికి వొరాక్సిన్ అని పేరు పెట్టారు. పిడుదు శుక్రకణానికి తోక ఉండదు. మగదాని శరీరంలో అది పూర్తిగా పరిణతి చెందదు, ఆడదానిలోకి చేరాకనే సాగి తుదిరూపం పొందుతుంది.

సెప్టెంబరు

పిండకణాల స్లైడ్లు ఆలస్యంగానైనా బాగా వచ్చాయి. గుడ్డు పెట్టిన మొదటి రోజుల్లో పచ్చసొనే నిండి ఉండి స్లైడు మీద మరకలా పరచుకుంటుంది. వారం నుంచి పది రోజుల వయసు గుడ్లు మాకు అనువుగా ఉన్నాయి. వాటిని కొల్చిసిన్ కలిపిన ఉప్పునీటిలో చిదిమి ఉంచి, మిగిలిన పద్ధతి యథాతథంగా పాటించాము. క్రోమోజోములు దాదాపు అన్నీ ఒక కొసన సెంట్రోమియర్, అంటే విభజనలో క్రోమోజోమును లాగడానికి ఉన్న పట్టు, గల కడ్డీలే. పిడుదుల బంధువులైన సూక్ష్మ నల్లుల్లో (మైట్లలో) చాలా రకాల్లో కనిపించే విస్తృత కైనెటోకోర్, అంటే క్రోమోజోము పొడవునా పరచుకున్న పట్టు, వీటిలో లేదు, ఒక్కో క్రోమోజోముకు సెంట్రోమియర్ ఒక్కటే. అన్నిటికన్నా పొడవైనది ఎక్స్. అది రెండుగా ఉన్న కణాల్లో మొత్తం 22, ఒకటిగా ఉన్నవాటిలో 21. డింభకాన్ని బయటినుంచి చూసి ఆడదో మగదో చెప్పడం సాధ్యం కాదు గాని, గుడ్డులోని కణం ముందే చెప్పేస్తుంది.

ఈ లెక్కల వల్ల రైతుకేమి ఉపయోగమని ఒక విద్యార్థిని అడిగింది. నేను రెండు ఉదాహరణలు చెప్పాను. హీమాఫైసాలిస్ లాంగికార్నిస్ అనే తూర్పు ఆసియా పిడుదులో ఆడ మగ రెండూ ఉండే ద్వయస్థితిక (రెండు క్రోమోజోము జట్ల) జనాభా ఉంది, మగదే అక్కరలేకుండా అనిషేకజననంతో పెరిగే త్రయస్థితిక (మూడు జట్ల) జనాభా కూడా ఉంది. ఈ రెండో రకంలో క్రోమోజోములు 30 నుంచి 35 దాకా ఉంటాయి, ఒక్క ఆడ పిడుదు చాలు కొత్త దేశంలో స్థిరపడటానికి. 2017లో అమెరికాలోని న్యూజెర్సీలో ఒక గొర్రె మీద అది బయటపడిన తర్వాత అనేక రాష్ట్రాలకు పాకింది. కొత్తగా కనిపించిన పిడుదు ఏ రకానిదో తేల్చడానికి క్రోమోజోముల లెక్క అక్కడ నేరుగా పనికివస్తుంది. రెండో ఉదాహరణ మైక్రోప్లస్‌కు సమీప బంధువైన రిపిసెఫాలస్ యాన్యులేటస్‌ది. ఈ రెండింటినీ సంకరపరిస్తే పుట్టే మగవి వంధ్యమైనవని, ఆడవి మాత్రం గుడ్లు పెడతాయని, ఆ ఆడవాటి మగ సంతానం కూడా వంధ్యమే అవుతుందని 1970ల్లో అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు. అటువంటి మగవాటిని మేత బీళ్లలో వదిలి పిడుదుల సంఖ్యను తగ్గించవచ్చునన్న ఆలోచన కూడా అప్పుడే వచ్చింది. మందుకు లొంగని పిడుదులు పెరుగుతున్న ఈ కాలంలో అటువంటి దారులను మరచిపోకూడదని నా అభిప్రాయం.

స్లైడ్లన్నిటికీ చీటీలు అంటించి, ఏ పశువు, శరీరంలో ఏ భాగం, పక్కనున్న ఆడదాని స్థితి, ఏరిన తేదీ రాసి పెట్టెలో భద్రపరిచాము. తర్వాతి విడతకు ఆర్గస్ పర్సికస్‌ను తీసుకుంటున్నాము. పెదకాకాని దగ్గర ఒక నాటుకోళ్ల పెంపకందారు తన గంప వెనక చెక్కల సందుల్లో అవి ఉన్నాయని కబురు పంపారు. రాత్రిపూట మాత్రమే వచ్చి, కొద్దిసేపు తాగి, మళ్లీ సందుల్లోకి పోయే పిడుదు కాబట్టి ఈసారి ఏరడం చీకటిపడ్డాక, టార్చి వెలుగులో జరగాలి. మగవాటిలో వై క్రోమోజోమును వేరుగా గుర్తించగలమా, పలుమార్లు గుడ్లు పెట్టే ఆడదాని అండాశయంలో ఒక భోజనానికీ మరో భోజనానికీ మధ్య ఏయే దశల అండాలు కలిసి ఉంటాయి అన్నవి ఆ విడతలో చూడవలసిన విషయాలు.